రెండు సంకోచాలు

1

కొద్ది నెలల క్రితం ఒక కళాశాలలో జరిగిన సాహిత్య సమావేశంలో, సభ ముగిసే వేళకు, వెనక వరసలోంచి ఒక విద్యార్థిని లేచి ప్రశ్న అడిగింది. రెండేళ్ళుగా తనకు తోచినవన్నీ ఫోనులో రాసుకుంటున్నాననీ, వాటిని నలుగురూ చదివే చోట పెట్టాలని ఎన్నోసార్లు అనుకుని చివరి క్షణంలో ఆగిపోతున్నాననీ చెప్పి, "నా సొంత విషయాలు అందరికీ చెప్పడం తప్పా సార్?" అంది.

వేదిక మీదనుంచి రెండు జవాబులు వచ్చాయి. ఒక యువకవి, భయమెందుకు, ఇప్పుడు సంపాదకుణ్ణి బతిమాలే అవసరం లేదు, మీట నొక్కితే చాలు, లోకమంతా చదువుతుంది అన్నాడు. ఒక పెద్దాయన, సొంత గోడు సాహిత్యం కాదు, ముందు సమాజాన్ని చూడడం నేర్చుకో అమ్మా అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి కూర్చుంది. ఆమె ముఖం చూస్తే జవాబు దొరికినట్టు లేదు.

నిజానికి ఇద్దరూ ఆమె ప్రశ్న వినలేదు. ఆమె అడిగింది మీట నొక్కడం ఎలా అని కాదు, సాహిత్యం నిర్వచనమూ కాదు. తన మాటకూ లోకానికీ మధ్య తన చెయ్యి ఎందుకు ఆగిపోతున్నదని అడిగింది. ఈ ఆగిపోవడమే ఈ వ్యాసానికి వస్తువు. చూడడానికి ఇది వ్యక్తిగతమైన బిడియంలాగా కనిపిస్తుంది. కానీ ఎవరికి ఎంత బిడియం వుండాలో నిర్ణయించేది సమాజమే. ఒకే వూళ్ళో ఒకడు తన పెళ్ళి, తన ప్రయాణం, తన భోజనం గురించి నిస్సంకోచంగా చాటుకోగలుగుతున్నాడు; మరొకామె తన ఒంటిమీద దెబ్బ గురించి చెప్పడానికి ముప్పై ఏళ్ళు పడుతున్నది. ఈ తేడాని స్వభావభేదంగా కొట్టిపారేస్తే విమర్శకుడు తన పని చెయ్యనట్టే.

2

తెలుగులో "నేను" అన్న మాట బహిరంగ వచనంలో నిలబడడానికి చాలాకాలం పట్టింది. కావ్యావతారికలో కవి తన వంశాన్ని చెప్పుకున్నాడు. శతకంలో భక్తుడు దేవుడితో మొరపెట్టుకున్నాడు. కానీ ఒక సామాన్య గృహస్థుడు తన జీవితంలో జరిగినదాన్ని, పేరూ వూరూ దాచకుండా, తోటివారి ముందు పెట్టి తీర్పు కోరడం అచ్చుయంత్రంతో వచ్చిన పద్ధతి. 1874లో కందుకూరి వీరేశలింగం "వివేకవర్ధని" పత్రిక మొదలుపెట్టాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఆ తరవాత చాలాకాలానికి "స్వీయచరిత్రము" రాశాడు. ఈ మూడూ వేరువేరు పనులు కావు. పత్రికలో ఇతరుల లోపాలు ఎత్తిచూపినవాడు, వీధిలో రాళ్ళకు ఎదురు నిలిచినవాడు, చివరికి తన జీవితాన్ని కూడా సాక్ష్యంగా లోకం ముందు పెట్టవలసి వచ్చింది. అతని "నేను" వెనక పత్రిక వుంది, మిత్రబృందం వుంది, చేసిన పని వుంది. ఆ బలం లేని "నేను" ఆ రోజుల్లో అచ్చుదాకా రాలేదు. ఆ వివాహాల్లో పెళ్ళికూతుళ్ళయిన బాలికలు తమ మనసులో మాట ఏ పత్రికలోనూ రాసుకోలేదు.

గురజాడ సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. ఆయన దినచర్యలు రాసుకున్నాడు. ఎక్కువ భాగం ఇంగ్లీషులో. అవి ఆయన పోయిన చాలా ఏళ్ళకు అవసరాల సూర్యారావు కృషితో తెలుగులోకి వచ్చాయి. "కన్యాశుల్కం" పాత్రలచేత తెలుగువాళ్ళు ఇళ్ళల్లో, వీధుల్లో మాట్లాడే భాషను మాట్లాడించినవాడు, వాడుకభాష కోసం 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించినవాడు, తనతో తాను మాట్లాడుకోవడానికి పరాయిభాషను ఎందుకు ఎన్నుకున్నాడు? ఆనాటి ఇంగ్లీషు చదువు, సంస్థానంలో కొలువు ఒక కారణం కావచ్చు. కానీ మరొక కారణం మన కళ్ళముందే వుంది. మనిషి తన మనసులోని సందేహాన్ని, చిరాకును, ఆశను ఉన్నదున్నట్టు రాసుకోవడానికి తగిన వచనం అప్పటికి తెలుగులో గౌరవం పొందలేదు. గ్రాంథికంలో దుఃఖపడవచ్చుగానీ, ఇంట్లో పప్పు మాడిపోయిన రోజున కలిగే విసుగు గ్రాంథికంలో ఇమడదు. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం బడిపుస్తకాల తగాదాగా, పండితుల పంతంగా చదువుకుంటూ వచ్చాం. అది అంతకన్నా పెద్దది. సామాన్యుడి "నాకనిపిస్తున్నది" అనే వాక్యానికి అచ్చులో చోటు సంపాదించిన పోరాటం అది. గిడుగు రామమూర్తి గెలవకపోతే ఇవాళ ఆ విద్యార్థిని ఫోనులో రాసుకునే వాక్యమే వుండేది కాదు.

3

భాష దొరికింది. తరవాత ప్రశ్న, ఆ భాషలో ఏం చెప్పవచ్చు అనేది. ఇక్కడ చలాన్ని తలచుకోక తప్పదు. ఆయన "మ్యూజింగ్స్"లో కథ లేదు, వ్యాసం కట్టుబాటు లేదు. ఒక మనిషి ఆలోచిస్తూ, మధ్యలో మాట మార్చుకుంటూ, తనని తాను ఖండించుకుంటూ పాఠకుడి ఎదుట కూర్చున్నట్టు వుంటుంది. ఇవాళ తెరమీద కనిపించే సగం రాతలకు తెలియకుండానే అది తాత. దానిమీద మన వాళ్ళకు వున్న అభ్యంతరం తెలిసిందే: అది ఆత్మాశ్రయం, వ్యక్తివాదం, సమాజానికి దారి చూపదు అని. ఈ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. తన అనుభూతే సత్యానికి కొలబద్ద అనుకునే రచయిత, ఆ అనుభూతి ఏ పరిస్థితుల్లోంచి పుట్టిందో అడగడం మానేస్తాడు. అయితే ఈ అభ్యంతరాన్ని మనం ఎవరి మీద ప్రయోగించాం అన్నది కూడా చూడాలి.

1952లో "ఆంధ్రప్రభ" వారపత్రికలో మాలతీ చందూర్ "ప్రమదావనం" శీర్షిక మొదలుపెట్టింది. నలభై ఏళ్ళకు పైగా సాగిన ఆ శీర్షికకు వేలాది స్త్రీలు ఉత్తరాలు రాశారు. ఇంట్లో అత్తకూ భర్తకూ కన్నతల్లికీ చెప్పుకోలేనిది, ముఖం తెలియని ఒక రచయిత్రికి చెప్పుకున్నారు. మన విమర్శ దాన్ని వంటా కుట్టూ సలహాల పేజీగా చూసి పక్కన పెట్టింది. ఆ ఉత్తరాలు ఒక సమాజపు లోపలి చరిత్ర అని అప్పుడు మనకు తట్టలేదు. 1980ల్లో స్త్రీలు తమ శరీరం గురించి, కాపురం గురించి కవిత్వం రాసినప్పుడు దాన్ని "నీలి కవిత్వం" అని ఎగతాళి చేసినవారున్నారు. 1993లో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనం "నీలిమేఘాలు" అన్న పేరుతోనే వచ్చింది. ఆ ఎగతాళి అంతా సనాతనుల నోటినుంచే వచ్చిందని చెప్పుకుంటే అది ఆత్మవంచన అవుతుంది. అభ్యుదయ శిబిరంలోనూ అది వినిపించింది.

మరో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరది. తెలంగాణ సాయుధ పోరాటం 1951లో ముగిసింది. అందులో పాల్గొన్న స్త్రీలు ఆ అనుభవాన్ని తమ మాటల్లో చెప్పిన "మనకు తెలియని మన చరిత్ర" 1986లో వచ్చింది. మధ్యలో ముప్పై అయిదేళ్ళు. ఈలోగా ఆ పోరాటం మీద చరిత్రలు వచ్చాయి, జ్ఞాపకాలు వచ్చాయి, నవలలు వచ్చాయి. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారి గొంతు వినడానికి స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు టేపురికార్డరు పట్టుకుని వెళ్ళవలసి వచ్చింది. వాళ్ళు చెప్పినదాంట్లో దొరల మీద కోపంతోపాటు, పోరాటం ముగిశాక ఇక ఇళ్ళకు వెళ్ళమన్నప్పటి బాధా వుంది. ఆ బాధ "సొంత గోడు" గనక చరిత్రలోకి రాలేదు. కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై ఏళ్ళు దాటాక, 2012లో, "నిర్జన వారధి" ప్రచురించింది. ఉద్యమంలో చేసిన పని గురించి అందులో ఎంత వుందో, ఆ ఉద్యమ జీవితంలో తాను పోగొట్టుకున్నదాని గురించీ అంత వుంది. ఆ పుస్తకం చదివిన ఎవరూ సొంత గోడుకూ సామాజిక వస్తువుకూ మధ్య గీత గీసి చూపలేరు.

కనుక పెద్దాయన చెప్పిన "ముందు సమాజాన్ని చూడు" అన్న మాటను ఒప్పుకుంటూనే, సమాజం ఎక్కడ కనిపిస్తుంది అని అడగాలి. అది వూరేగింపులో కనిపిస్తుంది. ఇంట్లో చప్పుడు చెయ్యకుండా ఏడ్చే మనిషిలోనూ కనిపిస్తుంది.

4

ఇక సాధనాల సంగతి. యువకవి చెప్పిన మీట ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు అక్షరాలకు స్థానం దొరికింది. అయితే ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఒక చోట టైపుచేసింది మరొక యంత్రంలో అర్థంకాని గీతలుగా తేలేది. యూనికోడ్ యంత్రాల్లో స్థిరపడ్డాక, ఫోనులోకి తెలుగు వచ్చాక, సంపాదకుడూ కంపోజిటరూ లేకుండా ఒక మనిషి తన వాక్యాన్ని తానే అచ్చువేసుకోవడం సాధ్యమైంది. దీన్ని తక్కువ చేసి చూడకూడదు. సంపాదకుల బల్లల మీద ఎన్ని కులాల, ఎన్ని మాండలికాల, ఎన్ని కష్టాల రాతలు వెనక్కి తిరిగాయో మనకు తెలుసు. "భాష బాగాలేదు" అని తిప్పిపంపిన వాక్యాల్లో నిజంగా బాగాలేనిది భాషేనా అన్న అనుమానం పాత సంపాదకులలో కొందరికైనా ఇప్పుడు కలుగుతూ వుండాలి.

కానీ ద్వారపాలకుడు వెళ్ళిపోయినంత మాత్రాన ఇల్లు మనదైపోదు. ఆ తెరలు కొద్దిపాటి పెద్ద కంపెనీల ఆస్తి. రాసేవాడు డబ్బు కట్టడు, చదివేవాడూ కట్టడు. వాళ్ళ చూపును ప్రకటనదారులకు అమ్మడం ద్వారా కంపెనీకి లాభం వస్తుంది. అందుచేత ఏ మాట ఎక్కువమందిని ఎక్కువసేపు కట్టిపడేస్తే ఆ మాటే పైకి తేలుతుంది. కోపం, వెటకారం, కన్నీళ్ళు త్వరగా అమ్ముడుపోతాయి; సందేహం అమ్ముడుపోదు. ఇది రచయితను లోపలినుంచి మారుస్తుంది. మొదట తనకు అనిపించింది రాస్తాడు. తరవాత ఏది రాస్తే పదిమంది మెచ్చారో అదే తనకు అనిపించడం మొదలవుతుంది. పూర్వం జమీందారు మెప్పుకోసం కవి తన అనుభూతిని మలుచుకున్నాడని మనం వెక్కిరించాం. అంకె మెప్పుకోసం మలుచుకునే అనుభూతికి వేరే పేరేమీ లేదు.

రాజ్యం కూడా తన కాపలా ఎత్తెయ్యలేదు. సమాచార సాంకేతిక చట్టంలో 2008 సవరణతో చేర్చిన 66 ఏ సెక్షను, చికాకూ అసౌకర్యమూ కలిగించే మాటలకు సైతం మూడేళ్ళదాకా శిక్ష విధించవచ్చునన్నది. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ఒక నాయకుడి మరణం తరవాత ముంబయి మూతపడడాన్ని ప్రశ్నించిన ఒక యువతినీ, ఆ మాట నచ్చిందని గుర్తు పెట్టిన ఆమె స్నేహితురాలినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టేసింది. కొట్టేసిన సెక్షను కిందనే పోలీసులు ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోయింది. చచ్చిన చట్టం కూడా భయపెట్టగలదు. ఎందుకంటే చట్టం పని కాగితం మీదే ముగియదు, రాయబోయే మనిషి మనసులో సాగుతుంది.

రాజ్యంకన్నా ముందు వచ్చేది కులం, వూరు. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 2010లో రాసిన "మాదొరుబాగన్" నవలమీద నాలుగేళ్ళ తరవాత ఆందోళన లేచింది. 2015 జనవరిలో, అధికారుల సమక్షంలో జరిగిన రాజీ తరవాత, రచయిత పెరుమాళ్ మురుగన్ చచ్చిపోయాడని ఆయనే ఫేస్‌బుక్‌లో ప్రకటించాడు. ఒక రచయిత తన మరణవార్తను తానే బహిరంగపరచుకోవలసిన పరిస్థితి అది. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆయనకు రాసే హక్కును నిలబెట్టింది. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో వున్నవి, ఆ మౌనకాలంలో ఎవరికీ చూపకుండా రాసుకున్న కవితలు. బహిరంగంగా మాట్లాడలేని రోజుల్లో రహస్యపు నోటుపుస్తకమే రచయితను బతికించింది. కాబట్టి దాచుకున్న రాతంతా పిరికితనం కాదు. వేళ కోసం వేచివుండడం కూడా అందులో వుంటుంది.

5

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. సొంత మాట గురించి ఇంత రాసి సొంత మాట దాచుకోవడం న్యాయం కాదు.

మా నాన్న నేతపనివాడు. గుంటమగ్గం మీద కూర్చుని షావుకారు ఇచ్చిన నూలుతో చీరలు నేసి, కూలి తీసుకునేవాడు. కూలిలోంచి పాత బాకీ కోసుకోగా మిగిలింది ఇంటికి వచ్చేది. ఆ బాకీ నా పుట్టుకకు ముందు మొదలై ఆయన పోయాక కూడా తీరలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి నిద్రపట్టక, ఆ బాకీ గురించి, షావుకారు ఇంటి అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడిన నాన్న గురించి, అమ్మ తాకట్టుపెట్టిన ముక్కుపుడక గురించి రాసి, అంతర్జాలంలో పెట్టాను. తెల్లవారేసరికి వందలమంది చదివారు. ఎవరెవరో కన్నీళ్ళు పెట్టుకున్నామన్నారు. నిజం చెప్పవద్దూ, గర్వంగానే వుంది. మధ్యాహ్నానికి మా బంధువుల కుర్రాడొకడు దాన్ని అమ్మకు చదివి వినిపించాడు. సాయంత్రం అమ్మ ఫోను చేసి ఒకే మాట అంది: "మన ఇంటి అప్పు వూరందరికీ ఎందుకు చెప్పావురా? నన్నొక మాట అడిగావా?"

చాలాకాలం నేను ఈ మాటను వెనకబాటుతనంగానే లెక్కవేశాను. పేదరికం సిగ్గుపడవలసిన విషయం కాదని అమ్మకు నచ్చజెప్పబోయాను. తరవాత్తరవాత అర్థమైంది, ఆ మాటలో రెండు సంకోచాలున్నాయని. మొదటిది, అప్పు గురించిన సిగ్గు. అది అమ్మది కాదు. నేసినవాడు తలవంచుకుని, నేయించుకున్నవాడు తలెత్తుకు తిరిగే వ్యవస్థ ఆమెకు అంటగట్టినది. ఆ సిగ్గు తిరిగి షావుకారు అరుగుమీదికి చేరవలసిందే. దాన్ని బద్దలుకొట్టడానికే మనం రాస్తున్నాం. రెండోది, "నన్నడిగావా" అన్నది. అది సిగ్గు కాదు, హక్కు. ఆ జీవితం నాదెంతో ఆమెదీ అంతే. ముక్కుపుడక ఆమెది. తాకట్టుపెట్టిన రోజు ఆమె పడిన అవమానం ఆమెది. ఆమెను అడక్కుండా దాన్ని లోకానికి ఇచ్చి మెప్పు నేను తీసుకున్నాను. షావుకారు నూలూ మగ్గమూ చూపి నాన్న చేతిపనిని తీసుకున్నట్టే, నేను అక్షరం చూపి అమ్మ దుఃఖాన్ని తీసుకున్నానా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ రాతను తీసేశాను. వూరికి వెళ్ళి అమ్మ దగ్గర కూర్చుని అడిగాను. ముక్కుపుడక సంగతి నేను రాసినట్టు జరగనే లేదని అప్పుడు తెలిసింది. దాన్ని తాకట్టుపెట్టింది అప్పు తీర్చడానికి కాదు, నా పరీక్ష ఫీజు కట్టడానికి. నేను పుట్టించిన కన్నీళ్ళ వెనక నిజం ఇది. మళ్ళీ రాసినప్పుడు అది చిన్నదయింది, మొదటిదానికన్నా కఠినమయింది. ఈసారి మెచ్చినవాళ్ళు తక్కువ. అమ్మ మాత్రం, "ఇది వుండనీ" అంది.

6

బహిరంగపరచడమంటే మనసులో వున్నది బయటికి ఒలకబొయ్యడం కాదు, మళ్ళీ రాయడం. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1942 జూన్ నుంచి దినచర్య రాసుకున్న ఆన్ ఫ్రాంక్, యుద్ధకాలపు దినచర్యలనూ ఉత్తరాలనూ భద్రపరచాలని 1944 మార్చిలో లండన్ రేడియోలో డచ్చి మంత్రి చెప్పగా విన్నది. ఆ తరవాత తన దినచర్యను తానే తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని తీసేసింది, కొన్ని చేర్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల, పట్టుబడితే చావు తప్పని స్థితిలో, పాఠకుడనేవాడొకడు వుంటాడని తలచుకోగానే వాక్యాన్ని సరిచూసుకుంది. మనకు అంతకన్నా తొందరేమిటి?

విద్యార్థులకు సూత్రాలు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అయినా రాసింది బయటపెట్టే ముందు నన్ను నేను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు కొన్ని వున్నాయి. నన్ను ఆపుతున్నది ఎవరు? నాకు సిగ్గు నేర్పినవారా, నేను జవాబుదారీగా వుండవలసినవారా? ఈ మాట వల్ల దెబ్బతినేది నాకన్నా బలవంతుడా, నాకన్నా బలహీనుడా? ఇందులో మరొకరి జీవితం వుంటే వాళ్ళకు చదివి వినిపించానా? ఎవరూ మెచ్చరని ముందే తెలిస్తే కూడా ఇది రాస్తానా? అనుభూతి దగ్గరే ఆగిపోయానా, అది ఎక్కడినుంచి వచ్చిందో వెతికానా? మొదటి ప్రశ్నకు జవాబు తేలితే తక్కినవి వాటంతటవే తేలుతాయి.

మొదటి సంకోచాన్ని వదిలించుకోవాలి. దాన్ని మనలో నాటినవారు దానివల్లే బతుకుతున్నారు. అయితే అది ఒంటరిగా వదలదు. వీరేశలింగానికి మిత్రబృందం వుంది; తెలంగాణ స్త్రీలకు టేపురికార్డరు పట్టుకుని వచ్చి వినే చెవులు దొరికాయి. ఇవాళ తెరముందు ఒంటరిగా కూర్చున్న మనిషికి మెచ్చేవాళ్ళూ తిట్టేవాళ్ళూ వున్నారు కానీ, వినేవాళ్ళు లేరు. ఆ లోటు తీర్చవలసింది రచయితల సంఘాలు, పత్రికలు. రాతప్రతిని తిప్పిపంపే సంపాదకుడు మనకు అక్కరలేదు. పక్కన కూర్చుని, ఇక్కడ నువ్వు దాస్తున్నావు, ఇక్కడ నువ్వు అతిగా చెప్తున్నావు అని చెప్పే తోటి రచయిత కావాలి. రెండో సంకోచాన్ని మాత్రం వదులుకోకూడదు. అది పోయిన రచయితకు కలం వుంటుంది, మనుషులు వుండరు.

ఆ రోజు సభ అయిపోయాక ఆ విద్యార్థినిని వరండాలో పలకరించాను. ఫోనులో రాసుకున్నదాంట్లో ఒకటి చదవమని అడిగితే, కొంతసేపు తటపటాయించి, హాస్టలు వంటమనిషి గురించి రాసిన ఒక పేజీ చదివింది. బాగుంది. "ఆమెకు వినిపించావా అమ్మా?" అన్నాను. లేదని తల వూపింది. మొన్న ఆమె దగ్గర్నుంచి కబురు వచ్చింది. వంటమనిషికి వినిపించిందట. ఆమె రెండు తప్పులు దిద్ది, మూడో సంగతి ఒకటి కొత్తగా చెప్పిందట. ఇప్పుడు మళ్ళీ రాస్తున్నదట.